బలహీనమైన స్పార్క్ ఎక్కడ మొదలవుతుంది: పాత టూ స్ట్రోక్ డర్ట్ బైక్ ఇగ్నిషన్‌పై ప్రసంగ పాఠం

మిత్రులందరికీ నమస్కారం.

పాత టూ స్ట్రోక్ డర్ట్ బైక్‌ను ఇంట్లో బాగుచేసుకునేవారు నా దగ్గరకు తెచ్చే ఫిర్యాదులలో ఒకటి ఎప్పుడూ ఒకే మాటలతో మొదలవుతుంది. ‘ప్లగ్ విప్పి, హెడ్‌కు ఆనించి, కిక్ కొట్టి చూశాను, స్పార్క్ బాగానే వస్తోంది, అయినా బండి అందుకోవడం లేదు’ అంటారు. ఆ వెంటనే కార్బురేటర్ విప్పుతారు, జెట్లు కడుగుతారు, రీడ్ వాల్వ్ చూస్తారు, రెండు ఆదివారాలు గడిచిపోతాయి. నేను ఈ రోజు మాట్లాడదలచుకున్నది ఆ ‘స్పార్క్ బాగానే వస్తోంది’ అన్న మాట గురించే. ఆ మాట మీద అనుమానం పెట్టుకుంటే మిగిలిన పరీక్ష అంతా ఒక వరుసలో పడుతుంది.

బయట గాలిలో ప్లగ్ కొనల మధ్య స్పార్క్ దూకడం చాలా తేలిక. మామూలు వాతావరణ పీడనంలో గాలిని ఛేదించడానికి మిల్లీమీటరుకు సుమారు 3,000 వోల్టులు సరిపోతాయి, మరీ చిన్న సందులలో ఈ లెక్క కంటే కాస్త ఎక్కువే కావాలి. ప్లగ్ గ్యాప్ 0.6 మి.మీ. ఉన్న బండిలో, మూడు వేల వోల్టులకు కాస్త అటూ ఇటూగా వచ్చినా మీ కంటికి స్పార్క్ కనిపిస్తుంది. సిలిండర్ లోపల పరిస్థితి వేరు. పిస్టన్ పైకి వచ్చి మిశ్రమాన్ని నొక్కినప్పుడు అదే 0.6 మి.మీ. సందులో వాయువు కొన్ని రెట్లు చిక్కబడుతుంది. వాయువు పీడనాన్నీ, సందు వెడల్పునూ గుణిస్తే వచ్చే విలువను బట్టి స్పార్క్ దూకడానికి కావలసిన వోల్టేజీ నిర్ణయమవుతుందని జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఫ్రెడ్రిక్ పాషెన్ 1889లోనే చూపించాడు. కనుక బయట మూడు వేలతో దూకిన స్పార్క్‌కు లోపల పది వేలు దాటి కావలసి రావచ్చు. ప్లగ్‌కు వోల్టేజీ పెంచి పంపే ఇగ్నిషన్ కాయిల్ ఇవ్వగలిగినది ఎనిమిది వేలే అయితే బయట చక్కగా కనిపించిన స్పార్క్ లోపల పుట్టనే పుట్టదు. ఇంకొంచెం మెరుగైన కాయిల్ అయితే ఐడిల్‌లో నడిచి, థ్రాటిల్ పూర్తిగా తిప్పగానే తడబడుతుంది. థ్రాటిల్ తెరిచినకొద్దీ సిలిండర్ ఎక్కువ నిండుతుంది, లోపల వాయువు మరింత చిక్కబడుతుంది, దానితో స్పార్క్ అడిగే వోల్టేజీ కూడా పెరుగుతుంది. లోడ్ పడినప్పుడే మిస్ కొట్టే బండిని చూసి అందరూ కార్బురేటర్‌ను తిట్టడం అందుకే నాకు సబబుగా అనిపించదు.

కాబట్టి పరీక్ష పెట్టవలసిన తీరు మారాలి. ప్లగ్ కొనల మధ్య కాకుండా, గాలిలో కనీసం 6 మి.మీ. దూరం దూకగలదా అని చూడాలి. అనేక పాత సర్వీస్ మాన్యువళ్లు అడిగేది కూడా ఇంచుమించు ఇంతే దూరం. దీనికి గ్యాప్ మార్చుకోగలిగే స్పార్క్ టెస్టర్ దొరుకుతుంది, పెద్ద ఖరీదైన వస్తువు కాదు. దానిని ఇంజన్‌కు గట్టిగా ఎర్త్ చేసి, ముందు 3 మి.మీ. పెట్టి, కిక్ కొడుతూ క్రమంగా దూరం పెంచండి. ఏ దూరం దగ్గర స్పార్క్ ఆగిపోతోందో కాగితం మీద రాసుకోండి. ఈ రోజంతా మీరు మార్చే ప్రతి భాగానికీ ఆ అంకె ఒక్కటే సాక్ష్యం. ‘ఇప్పుడు కొంచెం బాగున్నట్టుంది’ అన్న మాటను నేను లెక్కలోకి తీసుకోను.

ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ప్లగ్ విప్పిన తరువాత కిక్ కొడితే ఆ రంధ్రంలో నుంచి పెట్రోల్ మిశ్రమం పిచికారీలా బయటికి చిమ్ముతుంది. అందుకని పెట్రోల్ ట్యాప్ మూసి, ఆ రంధ్రాన్ని పాత ప్లగ్ ఒకటి బిగించి మూసి, టెస్టర్‌ను దూరంగా పెట్టాలి. రెండవది, కాయిల్ నుంచి ప్లగ్‌కు వెళ్లే హైటెన్షన్ వైరును గాలిలో వేలాడదీసి కిక్ కొట్టకూడదు. బయటికి పోయే దారి దొరకని వోల్టేజీ కాయిల్ లోపలి ఇన్సులేషన్‌ను చీల్చుకుని పోతుంది. ఉన్న స్పార్క్‌ను పరీక్షిస్తూ పరీక్షిస్తూనే పోగొట్టుకున్నవారిని నేను చూశాను.

రంగు సంగతి కూడా అడుగుతారు. నీలంగా, తెల్లగా, చిటపటమని శబ్దం చేస్తూ దూకితే బలమైనదనీ, సన్నగా పసుపు, నారింజ రంగులో ఉంటే బలహీనమైనదనీ అంటారు. అది స్థూలంగా నిజమే గానీ వెలుతురులో రంగు కంటిని మోసం చేస్తుంది. దూరం మోసం చేయదు.

ఇక వెతకడం. ప్లగ్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి, క్రాంక్ చివర తిరిగే ఫ్లైవీల్ అయస్కాంతం వైపు నడవండి. ఈ దిశకు ఒక కారణం ఉంది. ప్లగ్ వైపు ఉన్నవన్నీ చవకైనవి, విప్పడానికి తేలికైనవి, తరచుగా పాడయ్యేవి. అటు చివర ఉన్నవి ఖరీదైనవి, విప్పితే కొత్త తప్పులు చేయడానికి అవకాశం ఇచ్చేవి.

ప్లగ్ మార్చడం గురించి ఎక్కువ చెప్పను. ఆయిల్, మసి పట్టిన ప్లగ్‌లో కరెంటు పింగాణీ మీది నల్లని పొర గుండా జారిపోతుంది, కొనల మధ్య దూకవలసిన వోల్టేజీ పెరగనే పెరగదు. కొత్త ప్లగ్ పెట్టి, గ్యాప్ మాన్యువల్ చెప్పినట్టు సరిచూసి వదిలేయండి. కడిగి, తోమి, మళ్లీ పెట్టిన ప్లగ్‌తో రోగనిర్ధారణ చేయకండి.

ప్లగ్ క్యాప్ దగ్గర మాత్రం నిదానించాలి. చాలా క్యాప్‌ల లోపల 5 కిలో ఓముల రెసిస్టర్ ఒకటి ఉంటుంది. రేడియో తరంగాల గోల తగ్గించడం దాని పని. ఏళ్ల తరబడి వేడికీ తేమకూ ఆ రెసిస్టర్ చివరలు కాలిపోయి, మీటరు పెడితే 5 కిలో ఓములకు బదులు యాభయ్యో, వందో, ఒక్కొక్కసారి అనంతమో చూపిస్తుంది. విచిత్రం ఏమిటంటే రెసిస్టర్ పూర్తిగా తెగిపోయినా బండి కొన్నాళ్లు నడుస్తుంది, ఎందుకంటే క్యాప్ లోపలే ఆ తెగిన చోట ఇంకొక చిన్న స్పార్క్ దూకుతూ ఉంటుంది. ప్లగ్ దగ్గరికి చేరవలసిన వోల్టేజీలో వాటా అక్కడే ఖర్చయిపోతుంది. క్యాప్‌ను వైరు మీద నుంచి లాగకండి. చాలా క్యాప్‌లలో లోపల చెక్కమరలాంటి మర ఉంటుంది, అది వైరు మధ్యలోని రాగి పోగులలోకి దిగి ఉంటుంది, కనుక అపసవ్యంగా తిప్పుతూ విప్పాలి. విప్పాక వైరు కొన చూడండి. రాగి పోగులు మెరుస్తూ ఉండాలి. ఆకుపచ్చగా, నల్లగా ఉంటే ఐదారు మిల్లీమీటర్లు కత్తిరించి, తాజా రాగి కనిపించే చోట క్యాప్‌ను మళ్లీ తిప్పి ఎక్కించండి. నేను చూసిన బలహీనమైన స్పార్కులలో చెప్పుకోదగ్గ భాగం ఈ ఐదారు మిల్లీమీటర్లతో తీరిపోయింది.

ఇంకొక పరీక్షకు చీకటి కావాలి, అంతే. రాత్రి లైట్లు ఆర్పి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగి, వైరు మీదా కాయిల్ మీదా మంచినీళ్లు సన్నగా పిచికారీ చేసి, మరొకరిని కిక్ కొట్టమనండి. ఇన్సులేషన్ పగిలిన చోట, క్యాప్ రబ్బరు కింద నుంచి ఇంజన్ ఫిన్ మీదికి, సన్నని నీలి దారం ఒకటి పాకి మాయమవుతుంది. ఒకసారి చూసినవారు దానిని మరచిపోరు.

తరువాత కిల్ స్విచ్. దీనిని ముందే చెప్పవలసిందేమో గానీ ఫరవాలేదు. పాత డర్ట్ బైక్‌లలో చాలావాటికి బ్యాటరీ ఉండదు. కిల్ స్విచ్ నొక్కితే ఇగ్నిషన్ కరెంటు ఎర్త్‌కు పోతుంది, అంతే దాని పని. స్విచ్ లోపల తేమ చేరినా, ఆ వైరు ట్యాంక్ కింద ఫ్రేమ్‌కు ఒరుసుకుని తొక్క అరిగినా, కరెంటులో కొంత భాగం నిరంతరం ఎర్త్‌కు కారుతూ ఉంటుంది. పూర్తిగా తగిలితే స్పార్క్ చస్తుంది, అరకొరగా తగిలితే బలహీనపడుతుంది. ఆ వైరును కనెక్టర్ దగ్గర విప్పి మళ్లీ 6 మి.మీ. పరీక్ష చేయండి. ఇందుకు రెండు నిమిషాలు పడుతుంది, డబ్బేమీ ఖర్చు కాదు. అయితే అలా విప్పాక ఇంజన్ స్టార్ట్ అయితే ఆపడం ఎలాగో ముందే ఆలోచించుకోండి. ఎర్త్ కూడా ఇక్కడే చూడాలి. ఫ్రేమ్‌కు కొత్తగా రంగు వేయించి ముచ్చటగా బిగించిన బళ్లలో కాయిల్ బోల్టు కింద రంగు పొర అడ్డుపడి ఎర్త్ అందకపోవడం చాలా మామూలు. బోల్టు కింద లోహం కనిపించేదాకా గీకి, ఇంజన్‌కూ కాయిల్‌కూ మధ్య వేరే ఎర్త్ వైరు తాత్కాలికంగా కలిపి చూడండి.

ఇక్కడికి వచ్చాక మీ బండి ఏ తరానికి చెందినదో తెలియాలి. 1968లో వచ్చిన యమహా డీటీ-1 వంటి బళ్ల కాలంలో ఫ్లైవీల్ కింద కరెంటును సరైన క్షణంలో తెంచే స్విచ్ లాంటి పాయింట్లూ, వాటి మధ్య రేగే రవ్వను అణచే కండెన్సరూ ఉండేవి. ఆ తరువాత సీడీఐ, అంటే కెపాసిటర్‌లో నింపిన శక్తితో స్పార్క్ పుట్టించే ఎలక్ట్రానిక్ పద్ధతి, క్రమంగా వాటి స్థానాన్ని ఆక్రమించింది. రెండింటి జబ్బులూ వేరు.

పాయింట్ల బండిలో ఫ్లైవీల్ అయస్కాంతం కాయిల్‌లో కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటు బాగా పెరిగిన క్షణంలో పాయింట్లు తెరుచుకోవాలి. ఒక్క క్షణం ముందో వెనకో తెరుచుకుంటే టైమింగ్ తప్పడమే కాదు, తెంచవలసిన కరెంటే తక్కువై స్పార్క్ కూడా బక్కచిక్కుతుంది. క్యామ్ మీద ఒరుసుకునే ఫైబర్ మడమ ఏళ్లకేళ్లు అరిగినకొద్దీ గ్యాప్ తగ్గుతుంది, పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, యజమానికి మాత్రం బండి మెల్లగా ముసలిదవుతున్నట్టు అనిపిస్తుంది. గ్యాప్ సాధారణంగా 0.3 నుంచి 0.4 మి.మీ. మధ్య ఉంటుంది. మీ బండి అంకె మాన్యువల్‌లో చూడండి. పాయింట్ల మధ్య శుభ్రమైన అట్ట ముక్క పెట్టి లాగి చూడండి, దాని మీద నూనె మరక వస్తే ఆ పక్క క్రాంక్ ఆయిల్ సీల్ కారుతోందని అర్థం. పాయింట్లు ఎన్నిసార్లు తుడిచినా సీల్ మార్చేదాకా ఆ మరక వస్తూనే ఉంటుంది. కొత్త పాయింట్ల మీద కూడా తుప్పు పట్టకుండా పూసిన పొర ఉంటుంది, దానిని తుడవకుండా బిగించి ‘కొత్తవే పెట్టాను’ అనేవారు చాలామంది.

కండెన్సర్ విషయానికి వస్తే, తిరిగేటప్పుడు పాయింట్ల మధ్యనే పెద్ద పెద్ద రవ్వలు రేగుతున్నా, పాయింట్లు త్వరగా నల్లబడి గుంటలు పడుతున్నా దానిని అనుమానించాలి. మీటరు పెడితే 0.2 నుంచి 0.3 మైక్రోఫారడ్ దాకా చక్కగానే చూపించవచ్చు. మీటరు పరీక్షించేది కొద్ది వోల్టులతో, ఇంజన్‌లో దాని మీద పడేది వందల వోల్టులు. నమ్మకమైన కండెన్సర్ ఒకటి బయటి నుంచి వైరుతో కలిపి చూడడం వీటన్నిటికంటే త్వరగా తేలే మార్గం.

సీడీఐ బండిలో కథ ఇలా నడుస్తుంది. ఫ్లైవీల్ లోపల కదలకుండా ఉండే స్టేటర్ మీది సోర్స్ కాయిల్ వందల వోల్టుల ఏసీ కరెంటు పుట్టిస్తుంది. అది సీడీఐ పెట్టెలోని కెపాసిటర్‌ను నింపుతుంది. స్పార్క్ రావలసిన క్షణాన్ని చెప్పే పికప్ కాయిల్ నుంచి చిన్న సంకేతం రాగానే థైరిస్టర్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్ తెరుచుకుని, కెపాసిటర్‌లో ఉన్నదంతా ఒక్కసారిగా ఇగ్నిషన్ కాయిల్ ప్రైమరీలో, అంటే తక్కువ వోల్టేజీ వైపు చుట్టలో, కుమ్మరిస్తుంది. టూ స్ట్రోక్ ఇంజన్‌లో ప్రతి చుట్టుకూ ఒక స్పార్క్ కావాలి గనుక 9,000 ఆర్‌పీఎం దగ్గర ఇదంతా సెకనుకు 150 సార్లు జరుగుతుంది.

కెపాసిటర్ లెక్క ఒకటి చూపిస్తాను. 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ 300 వోల్టులకు నిండితే అందులోని శక్తి 45 మిల్లీజౌళ్లు. సోర్స్ కాయిల్ నీరసించి 200 వోల్టులే ఇస్తే మిగిలేది 20 మిల్లీజౌళ్లు. వోల్టేజీ మూడింట ఒక వంతు తగ్గితే శక్తి సగానికి పైగా పోయింది. అందుకే సోర్స్ కాయిల్‌లో కొద్ది లోపం ఉన్నా స్పార్క్ అంతగా కుంగిపోతుంది.

కొన్ని పాత స్టేటర్లలో సోర్స్ కాయిల్ రెండు భాగాలుగా ఉంటుంది, ఒకటి తక్కువ వేగానికి, ఒకటి ఎక్కువ వేగానికి. తక్కువ వేగం చుట్లు పాడయితే కిక్‌కు ఎంత కొట్టినా అందుకోదు, గేరులో వేసి తోస్తే చప్పున అందుకుంటుంది. ‘తోస్తే స్టార్ట్ అవుతుంది’ అని ఎవరైనా చెబితే నేను మొదట స్టేటర్ వైర్లే పట్టుకుంటాను.

ఇక మల్టీమీటర్. ముందు మీటరు వైర్లు రెండూ ఒకదానికొకటి తాకించి ఎంత చూపిస్తోందో గమనించండి. చవక మీటర్లలో 0.2, 0.3 ఓములు అక్కడే ఉంటాయి. ఇగ్నిషన్ కాయిల్ ప్రైమరీ తరచుగా ఒక ఓముకు లోపే ఉంటుంది గనుక ఆ భాగం తీసివేయకపోతే కొలతే తప్పు. ప్లగ్ వైపు ఉండే సెకండరీ చుట్ట వేల ఓములలో ఉంటుంది. దానిని క్యాప్‌తో కొలిచారా, క్యాప్ లేకుండా కొలిచారా అన్నది మరచిపోతే 5 కిలో ఓముల తేడాతో మంచి కాయిల్‌ను చెత్తబుట్టలో వేస్తారు. సోర్స్ కాయిల్, పికప్ కాయిల్ విలువలు బండి బండికీ మారతాయి, మీ మాన్యువల్ అంకెలనే పట్టుకోండి.

అయితే ఓములను అతిగా నమ్మకండి. తెగిన చుట్టను మీటరు పట్టిస్తుంది. వేల చుట్లలో పది చుట్లు ఒకదానికొకటి అతుక్కుపోతే అంకె కదలనే కదలదు, కాని ఆ పది చుట్లు మిగిలినవాటి కష్టాన్ని తినేస్తాయి. ఎక్కువ వోల్టేజీలో మాత్రమే చిట్లే ఇన్సులేషన్ మీటరు ఇచ్చే చిన్న బ్యాటరీ వోల్టేజీకి బయటపడదు.

వేడి సంగతి నాకు సొంత అనుభవం. నా దగ్గర ఒక పాత 250 సీసీ బండి ఉండేది. చల్లగా ఉన్నప్పుడు మొదటి కిక్‌కే లేచేది. ఇరవై నిమిషాలు నడిచాక ఉన్నట్టుండి నిలిచిపోయేది, అరగంట ఆగితే మళ్లీ నడిచేది. నేను ప్లగ్ మార్చాను, కాయిల్ మార్చాను, సీడీఐ పెట్టె కూడా కొన్నాను. చివరికి స్టేటర్ విప్పి బల్ల మీద పెట్టి, సోర్స్ కాయిల్‌కు మీటరు తగిలించి, హెయిర్ డ్రయ్యర్‌తో నిదానంగా వేడి చేశాను. రాగి వేడెక్కితే దాని నిరోధం డిగ్రీకి 0.39 శాతం చొప్పున పెరగడం సహజం. 20 డిగ్రీల దగ్గర 300 ఓములు ఉన్నది 90 డిగ్రీలకు 380 దాటాలి, అంత పెరిగిందని భయపడనక్కరలేదు. నా మీటరు 340 దాకా మెల్లగా ఎక్కి, ఒక్క గంతులో అనంతానికి వెళ్లింది. డ్రయ్యర్ ఆపి కాసేపు ఆగితే మళ్లీ దిగి వచ్చింది. వెంట్రుకంత సన్నని తీగ టంకం వేసిన చోట తెగి ఉంది. చల్లగా ఉన్నప్పుడు కొనలు తాకుతున్నాయి, వేడికి విడిపోతున్నాయి. ఆ సీడీఐ పెట్టె ఇప్పటికీ నా అలమరలో కొత్తదిగానే ఉంది.

సోర్స్ కాయిల్ నిజంగా ఎన్ని వోల్టులు ఇస్తోందో తెలియాలంటే మామూలు మీటరు ఏసీ కొలత పనికిరాదు. కిక్‌లో పుట్టేది క్షణికమైన తుళ్లింపు, మీటరు తేరుకునేలోగా అది అయిపోతుంది. ఒక డయోడ్, ఒక కెపాసిటర్ కలిపి ఆ శిఖరాన్ని పట్టి నిలిపే పీక్ వోల్టేజీ అడాప్టర్ వాడితే కిక్‌కు వంద వోల్టులు వచ్చాయా, ముప్పయ్యే వచ్చాయా తెలిసిపోతుంది. వందల వోల్టులు ఉండే చోట చేతులు దూరంగా ఉంచండి.

ఫ్లైవీల్ విప్పవలసి వస్తే దానిని లాగి తీసే పుల్లర్ అనే పనిముట్టు వాడండి. సుత్తితో కొడితే అయస్కాంతం పగులుతుంది, క్రాంక్ కూడా దెబ్బతింటుంది. అయస్కాంతాలు నీరసించాయని అందరూ అంటారు గానీ అది అరుదు. వాటి మీదా స్టేటర్ ముఖాల మీదా పేరుకున్న తుప్పును సన్నని ఎమరీ కాగితంతో తీసి చూడడం ఎక్కువ ఫలితం ఇస్తుంది.

సీడీఐ పెట్టెను చివరికి వదిలాను, కావాలనే. దాని కాళ్ల మధ్య ఓములు కొలిచి మంచిదో చెడ్డదో చెప్పే పట్టికలను నేను పెద్దగా నమ్మను, ఎందుకంటే మీటరు మీటరుకూ ఆ అంకెలు మారతాయి. సోర్స్, పికప్, కాయిల్, కిల్ వైరు, ఎర్త్ అన్నీ మంచివని తేలాకే, పనిచేస్తున్న మరొక బండి పెట్టెను తగిలించి చూడాలి. అదీ ఒకే రకం పెట్టె అయి ఉండాలి. పికప్ కాయిల్‌ను తిరిగి చుట్టించినవారు దాని రెండు వైర్లు తారుమారు కాలేదని చూసుకోవాలి. తారుమారైతే స్పార్క్ వస్తుంది గానీ రావలసిన క్షణంలో రాదు.

వెనక వరుసలో నుంచి ఒక ప్రశ్న వచ్చింది. ‘అన్నీ మార్చాను, టెస్టర్ మీద 8 మి.మీ. దూకుతోంది, అయినా కిక్ కొడితే వెనక్కి తంతోంది, కార్బురేటర్‌లో నుంచి ఢామ్మంటోంది’ అంటున్నారు. మీ స్పార్క్ బలంగానే ఉందండీ, అది వచ్చే సమయం తప్పింది. ఫ్లైవీల్ ఎప్పుడైనా విప్పారా? విప్పారు కదా. అయితే నట్టు తీసి, పుల్లర్‌తో ఫ్లైవీల్ లాగి, క్రాంక్ మీది అర్ధచంద్రాకారపు చిన్న వుడ్‌రఫ్ కీని చూడండి. నట్టు సరిగా బిగించకపోతే ఫ్లైవీల్ జారి ఆ కీ తెగిపోతుంది, లేదా సగం కోసుకుపోయి పక్కకు వంగుతుంది. కొత్త కీ పెట్టేముందు క్రాంక్ మొన మీదా ఫ్లైవీల్ మధ్య రంధ్రంలోనూ నూనె తుడవండి. ఫ్లైవీల్‌ను నిజంగా పట్టి ఉంచేది ఆ ఏటవాలు ముఖాల పట్టే. కీ ఉన్నది దానిని సరైన చోట కూర్చోబెట్టడానికే. తరువాత నట్టును మాన్యువల్ చెప్పిన టార్క్‌కు బిగించి, టైమింగ్ గుర్తులు చూసి, అప్పుడు కిక్ కొట్టండి.